గుంత నిండాక

(సెప్టిక్ ట్యాంకుల్లో, మ్యాన్‌హోళ్ళలో ప్రాణాలు కోల్పోయిన పారిశుద్ధ్య కార్మికుల స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)

స్మారకోపన్యాసం అంటే వేదిక మీద ఒక పటం, పటానికొక దండ ఉండడం రివాజు. ఈ ఉపన్యాసానికి పటం లేదు. 2019 నుంచి 2023 దాకా ఐదేళ్ళలో మురుగు కాలువలూ సెప్టిక్ ట్యాంకులూ శుభ్రం చేస్తూ 377 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు లెక్క చెప్పింది. ఇన్ని పటాలు పట్టే వేదిక ఏ ఊళ్ళోనూ ఉండదు. ఆ చావుల వార్తలు చదివితే అన్నీ ఒకే తీరు. మూత తీస్తారు, ఒకడు దిగుతాడు, దిగినవాడు పలకడు. వాణ్ణి లాగడానికి రెండోవాడు దిగుతాడు, ఆ ఇద్దరి కోసం మూడోవాడు. ట్యాంకులో పేరుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. కంపు తగ్గిందని మనిషి ధైర్యం చేసే ఘడియే అన్నిటికన్నా ప్రమాదకరమైనది.

ఇలాంటి సభలో మలాన్ని ఎరువుగా, గ్యాస్‌గా, బొగ్గుగా, తాగే నీరుగా మార్చే యంత్రాల గురించి మాట్లాడడం కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. 2015 జనవరిలో బిల్ గేట్స్ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జానికీ అనే ఇంజనీరింగ్ సంస్థ కట్టిన యంత్రం దగ్గర నిలబడి, మురుగు మడ్డి నుంచి తీసిన నీటిని గ్లాసులో పట్టుకుని తాగాడు. అదే ఏడాది ఆ యంత్రాన్ని సెనెగల్ రాజధాని డాకర్‌లో పెట్టారు. 2018 నవంబరులో బీజింగ్‌లో జరిగిన కొత్తరకం మరుగుదొడ్ల ప్రదర్శనలో ఆయన గాజు సీసాలో మలం వేసుకుని వేదికెక్కాడు. లోకమంతా ముక్కున వేలేసుకుంది, ఆపైన చప్పట్లు కొట్టింది. ఇవన్నీ మంచి ప్రయత్నాలే. అయితే యంత్రం మూతి దాకా సరుకు ఎలా వస్తుంది, గుంతలోంచి దాన్ని తీసేదెవరు అన్న సంగతి ఆ ఫొటోల్లో కనబడదు. ఈ ఉపన్యాసం పట్టించుకునేది ముఖ్యంగా ఆ సంగతినే.

ముందు సరుకు విలువ ఎంతో చూద్దాం. భారతదేశంలో సగటు మనిషి తినే తిండిని బట్టి శాస్త్రజ్ఞులు కట్టిన అంచనా ప్రకారం, ఏడాదిలో ఒక మనిషి మలమూత్రాల్లో దాదాపు 2.7 కిలోల నత్రజని, 0.4 కిలోల భాస్వరం, కిలోన్నర పొటాష్ బయటికి వస్తాయి. నత్రజనిలో సింహభాగం మూత్రంలోనే ఉంటుంది. ఉత్తరాంధ్రలో రెండు జిల్లాలే తీసుకుంటే, 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలో 27 లక్షలు, ఉమ్మడి విజయనగరం జిల్లాలో 23 లక్షల పైచిలుకు జనం. ఈ యాభై లక్షల మంది ఏడాదికి వదిలే నత్రజని పదమూడు వేల టన్నులు దాటుతుంది. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్ళు గనక, లెక్క వేస్తే 45 కిలోల యూరియా బస్తాలు ఆరున్నర లక్షలు. ఖరీఫ్‌లో యూరియా కోసం తెల్లారకముందే వరస కట్టి, చెప్పులు పెట్టి చోటు కాచుకున్న రైతుకు ఈ అంకె వినసొంపుగానే ఉంటుంది.

కానీ బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. ఆ లెక్కన ఒక మనిషి ఏడాది పొడవునా వదిలే నత్రజని విలువ ముప్పై ఐదు రూపాయలకు మించదు. అంటే అరడజను కోడిగుడ్ల ఖరీదు.

ప్రభుత్వం యూరియాకు భారీగా రాయితీ ఇస్తోంది కాబట్టి అసలు విలువ ఇంకా ఎక్కువే అని వాదించవచ్చు, భాస్వరం, పొటాష్ కూడా కలపవచ్చు. అయినా మలం బంగారం అనే ప్రచారంలో పస తక్కువ. సెప్టిక్ ట్యాంకు ఒక్కసారి ఖాళీ చేయించడానికి లారీవాడికి ఇచ్చే వేల రూపాయలకు ఈ ఎరువు విలువ ఏ మూలకూ చాలదు. ఎరువు అమ్ముకుని బతికే మరుగుదొడ్డి వ్యవస్థ ప్రపంచంలో ఎక్కడైనా అరుదు. పారిశుద్ధ్యానికి డబ్బు పెట్టాలి, ఎరువు వస్తే అది కొసరు. ఈ క్రమం తిరగబడిన చోటల్లా పథకం పడుకుంది.

చవక కూలీ దొరికిన కాలంలో మాత్రం మలం నిజంగానే వ్యాపారం. 1908లో షాంఘైలోని విదేశీయుల పేటలో ఇంటింటి మలం ఎత్తుకునే హక్కు కోసం ఒక చైనా కాంట్రాక్టరు నగరానికి ఎదురు 31 వేల బంగారు డాలర్లు కట్టాడు. ఏడాదికి 78 వేల టన్నులు ఎత్తి రైతులకు అమ్ముకున్నాడు. మన దేశంలో 1939లో సి.ఎన్. ఆచార్య బెంగుళూరులో ఊరి చెత్తనూ మలాన్నీ పొరలు పొరలుగా గుంతల్లో వేసి మాగబెట్టే పద్ధతి రూపొందించాడు. ‘బెంగుళూరు పద్ధతి’ అని నేటికీ వ్యవసాయ కళాశాలల్లో పాఠం చెబుతారు. పొరల మందం, మాగే నెలలు, వేడి అన్నీ ఆ పాఠంలో ఉంటాయి. బుట్టలో మలం మోసుకొచ్చి ఆ పొర పరిచింది ఎవరో ఉండదు.

ఉత్తరాంధ్ర పట్టణాల్లో ఆ పని చేసినవారిలో అధికులు రెల్లి కులస్తులు. ఒడియాకు దగ్గరగా ఉండే సొంత భాష వీరిది. పళ్ళు అమ్మడం ఒక జీవనం, మునిసిపాలిటీ పాకీ పని ఇంకొకటి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం నుంచి బయలుదేరి రాజమండ్రి, బెజవాడ దాకా మునిసిపాలిటీలు ఎక్కడ పెరిగితే అక్కడికి చీపురు పట్టుకుని వెళ్ళారు. 2025లో ఆంధ్రప్రదేశ్ ఎస్సీ రిజర్వేషన్లను వర్గీకరించినప్పుడు రెల్లి, దాని ఉపకులాలు కలిపి పన్నెండింటిని మొదటి గ్రూపులో పెట్టి ఒక శాతం కేటాయించింది. ఎన్ని తరాలు అందరికన్నా కింద ఉండిపోయారో చెప్పడానికి ఆ విడి గ్రూపే సాక్ష్యం.

చట్టాలకు లోటు లేదు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించే చట్టం 1993లో వచ్చింది. మొదట వర్తించిన కొద్ది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, అయినా అది అమల్లోకి వచ్చింది 1997 జనవరి 26న. కోలారు బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, సాంఘిక సంక్షేమ శాఖలో పేదల పక్షాన నిలబడి పేరు తెచ్చుకున్న ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపారు. చేత్తో మలం ఎత్తాల్సిన పొడి దొడ్ల ఫొటోలు, చిరునామాలు పోగుచేసి కోర్టు ముందు పెట్టారు. 2013లో మరింత గట్టి చట్టం వచ్చింది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు, 1993 నుంచి చనిపోయిన ప్రతి కార్మికుడి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచింది. 2016లో విల్సన్‌కు మెగసెసే అవార్డు వచ్చింది. పొడి దొడ్లు చాలావరకు పోయాయి, వాటి చోట సెప్టిక్ ట్యాంకులు వచ్చాయి. చీపురూ బుట్టా పట్టిన చేతికి మోకూ బకెట్టూ వచ్చాయి.

ఇక యంత్రాల సంగతి. అందరికన్నా చవకైన ‘యంత్రం’లో తిరిగే చక్రం ఒక్కటీ లేదు. రెండు గుంతల మరుగుదొడ్డి అది. బిందేశ్వర్ పాఠక్ 1970లో పాట్నాలో పెట్టిన సులభ్ సంస్థ ద్వారా దేశానికి పరిచయమైంది. తేనెపట్టులా సందులు వదిలి ఇటుక కట్టిన రెండు గుంతలు, మధ్యలో దారి మార్చే చిన్న తొట్టి. ఐదారుగురున్న ఇంట్లో ఒక గుంత నిండడానికి సుమారు మూడేళ్ళు. నిండగానే దారి రెండో గుంతకు మళ్ళిస్తారు. మొదటిదాన్ని ఏడాదిన్నర, రెండేళ్ళు కదపకుండా వదిలేస్తే నీరు నేలలోకి ఇంకి, సూక్ష్మజీవులు తమ పని తాము చేసుకుపోయి, మిగిలేది వాసన లేని పొడి ఎరువు. ఈ గడువు చాదస్తం కాదు. ఏలికపాముల గుడ్లు మొండివి, మన ఎండల్లో కూడా వాటిని చంపడానికి ఏడాదికి పైగా నిల్వ ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

2017 ఫిబ్రవరి 18న వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో ఒక చిత్రం జరిగింది. కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్, ఇరవైకి పైగా రాష్ట్రాల ఉన్నతాధికారులతో కలిసి, మాగిన గుంతల్లోకి దిగి ఎరువును తీసి చూపించారు. ఆ నెల ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి కూడా దాన్ని ప్రస్తావించారు. ఐఏఎస్ దిగితే వార్త, రెల్లి దిగితే చావు కబురు వచ్చేదాకా వార్త కాదు. ఈ వ్యంగ్యం పక్కన పెడితే ఆ ప్రదర్శనలో గట్టి సాంకేతిక విషయం ఒకటుంది. అధికారులు దిగింది సరిగా కట్టి, సరిగా మాగబెట్టిన గుంతలోకి. అందులో విషవాయువు ఉండదు, పచ్చి మలం ఉండదు. ప్రాణం పోయే గుంతకూ పారతో తోడుకునే గుంతకూ తేడా ఇటుకల మధ్య సందులోనూ, ఏడాదిన్నర ఓపికలోనూ ఉంది.

సుమారు మూడు వారాలకు, 2017 మార్చి 10 నుంచి 14 వరకు, విజయనగరం జిల్లా నూరు గంటల్లో పదివేల మరుగుదొడ్లు కట్టి చూపించింది. 71 గ్రామాలు బహిరంగ మలవిసర్జన లేనివిగా ప్రకటించుకున్నాయి. మేస్త్రీలు పగలూ రాత్రీ పనిచేశారు, ఊరూరా ఇటుకలూ సిమెంటూ దిగాయి. చెరువు గట్టుకు వెళ్ళడానికి ఆడవాళ్ళు చీకటి పడేదాకా కాచుకునే ఊళ్ళకు అది చిన్న మార్పు కాదు. వేగాన్ని వెక్కిరించడం సులువు గానీ, వేగం లేకపోతే ఇంకో తరం చెంబు పట్టుకునే వెళ్ళేది.

ఆ మరుగుదొడ్లు కట్టి ఎనిమిదేళ్ళు దాటాయి. మూడేళ్ళకో గుంత అనుకుంటే రెండుసార్లైనా దారి మళ్ళాలి. కాస్త డబ్బున్న ఇంటివాళ్ళు రెండు చిన్న గుంతలకు బదులు ఒకే పెద్ద ట్యాంకు కట్టుకుంటారు, లేదా సిమెంటు వరలు ఒకదాని మీద ఒకటి దించి లోతుగా ఒకే గుంత తీస్తారు. ఎంత లోతైతే అన్నేళ్ళు నిశ్చింత అని లెక్క. మాగడానికి విరామం ఇవ్వని గుంతలో ఎప్పుడూ పచ్చి సరుకే ఉంటుంది, అది నిండినప్పుడు లారీని పిలవాలి. లారీ దొరక్కపోతే మనిషిని పిలుస్తారు.

తీరం వెంట మరో చిక్కు. శ్రీకాకుళం జిల్లాకు రాష్ట్రంలోనే పొడవైన సముద్రతీరం ఉంది. ఇసుక నేల, వానాకాలంలో చేతికందే నీరు. అక్కడ గుంతలోని నీరు వడకట్టబడకుండానే బావిలోకి చేరగలదు. అదే జిల్లాలోని ఉద్దానంలో కిడ్నీ జబ్బు వల్ల తాగునీటి మాట ఎత్తితేనే జనం ఉలిక్కిపడతారు. హిరమండలం నుంచి వంశధార నీటిని గొట్టాల్లో తేవడానికి దాదాపు 700 కోట్ల పథకం కట్టి, 2023 డిసెంబరులో ప్రారంభించుకోవాల్సి వచ్చిన ప్రాంతం అది. ఇలాంటి చోట నేలను తవ్వని మరుగుదొడ్డి కావాలి. కేరళలో విళింజం మత్స్యకారుల కోసం పాల్ కాల్వర్ట్ అనే ఇంజనీరు, తమిళనాడులో తిరుచ్చి దగ్గర ముసిరి పట్టణంలో ‘స్కోప్’ అనే స్వచ్ఛంద సంస్థ ఇటువంటివి కట్టారు. గది నేలకు ఎత్తుగా ఉంటుంది. మలానికి ఒక రంధ్రం, మూత్రానికి ఒక దారి, కడుక్కున్న నీటికి ఇంకో దారి. మలం మీద బూడిద చల్లితే తడి పోయి కంపు రాదు. ముసిరిలో ఒక దశలో దొడ్డి వాడినవారికే ఎదురు పది పైసలు ఇచ్చారు, మూత్రాన్ని అరటి తోటలకు పంపడానికి. ఆ పది పైసలు వింతగా కనిపిస్తాయి గానీ, పైన వేసిన ముప్పై ఐదు రూపాయల లెక్కను రోజులకు పంచితే దాదాపు అంతే వస్తుంది. ముసిరివాళ్ళు లెక్క తెలిసినవాళ్ళు.

పట్టణాల కథ వేరు. ఇరుకు సందుల్లో రెండు గుంతలకు చోటుండదు. ట్యాంకులు ఉంటాయి, లారీలు ఉంటాయి, లారీ ఎక్కడ ఒంపాలన్నదే సమస్య. నాగావళి ఒడ్డునో, చంపావతి వైపో, ఊరవతల పొలం గట్టునో రాత్రిపూట గొట్టం విప్పితే అడిగేవాడెవడు? ఈ ప్రశ్నకు తెలుగు నేల మీద మొదట జవాబు వెతికిన ఊళ్ళలో వరంగల్, నరసాపురం ముఖ్యమైనవి. హైదరాబాద్‌లోని ఆస్కి సంస్థ తోడ్పాటుతో వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే సెప్టిక్ లారీలకు నిబంధనలు పెట్టింది. అమ్మవారిపేటలో రోజుకు పదిహేను వేల లీటర్ల మల మడ్డిని శుద్ధి చేసే కేంద్రం వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలోనూ అలాంటిదే కట్టారు. రెండింటికీ బెంగుళూరుకు చెందిన టైడ్ టెక్నోక్రాట్స్ సాంకేతికత వాడారు. లారీ తెచ్చిన మడ్డిలోంచి నీరు పిండుతారు, ముద్దను ఎండబెడతారు, గాలి చొరని కొలిమిలో కాలుస్తారు. కాలేటప్పుడు వచ్చే వేడితోనే తరవాతి ముద్ద ఎండుతుంది. చివరికి మిగిలేది బొగ్గు నలుసులాంటి బయోచార్. ఆ వేడికి ఏ పురుగు గుడ్డూ మిగలదు.

ఇందులో కిటుకూ ఉంది, నష్టమూ ఉంది. లారీలో వచ్చేదానిలో చాలాభాగం నీరే. నూటికి రెండు మూడు పాళ్ళు గట్టి పదార్థం అనుకుంటే పదిహేను వేల లీటర్లకు దక్కేది మూడు నాలుగు వందల కిలోలు. అది కాలి బొగ్గయ్యేసరికి ఇంకా తగ్గుతుంది. నత్రజనిలో చాలాభాగం గాలిలో కలిసిపోతుంది, భాస్వరం మాత్రం మిగులుతుంది. అంటే ఈ కేంద్రం ఎరువుల కార్ఖానా కాదు, రోగాన్ని కాల్చే కొలిమి. దాన్ని ఆ చూపుతోనే చూడాలి.

గ్యాస్ మాటకొస్తే, 1897లోనే బొంబాయి మాతుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో మురుగు నుంచి తీసిన గ్యాస్‌తో దీపాలు వెలిగించారు. పూణె దగ్గర దేహూ గ్రామంలో డాక్టర్ ఎస్.వి. మాపుస్కర్ జీవితమంతా మరుగుదొడ్డి గ్యాస్ మీదే పనిచేశాడు. 2017లో ఆయనకు మరణానంతరం పద్మశ్రీ వచ్చింది. ఒక మనిషి మలం నుంచి రోజుకు వచ్చే గ్యాస్ సుమారు ఒక ఘనపుటడుగు. ఒక మనిషి వంటకు రోజుకు ఎనిమిది ఘనపుటడుగులు కావాలి. అందుకే ఐదుగురి ఇంట్లో ఇది టీ కాచడానికి పనికొస్తుంది, అన్నం వండడానికి చాలదు. పేడ కలిపితే, లేదా వందల మంది ఉండే హాస్టళ్ళలో, గురుకులాల్లో అయితే లెక్క కుదురుతుంది. గ్వాలియర్‌లోని రక్షణ ప్రయోగశాల తయారుచేసిన బ్యాక్టీరియాతో రైళ్ళలో బయో టాయిలెట్లు వచ్చాయి. 2011లో బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌తో మొదలై దేశమంతా పాకాయి. పలాస నుంచి విజయనగరం దాకా పట్టాల మధ్య కంకర మీద పడే మలాన్ని తొక్కుకుంటూ తిరిగిన గ్యాంగ్‌మన్లకు అది పెద్ద ఊరట. 2017లో మద్రాస్ ఐఐటీ పరిశోధకులు ఆ తొట్లలో శుద్ధి సరిగా జరగడం లేదని తేల్చారు, కాగ్ కూడా దుర్వాసన, అడ్డంకుల ఫిర్యాదులను ఎత్తిచూపింది. రెండు మాటలూ నిజమే. పట్టాలు బాగుపడ్డాయి, శుద్ధి సంగతి ఇంకా తేలలేదు.

ప్రయోగాలకు ప్రపంచంలో కొదవ లేదు. స్విట్జర్లాండ్‌లో ఎయావాగ్ పరిశోధకులు మూత్రాన్ని విడిగా పట్టి, సూక్ష్మజీవులతో స్థిరపరచి, నీరు ఇగిర్చి ‘ఔరిన్’ అనే ద్రవ ఎరువు చేశారు. 2018లో తినే పంటలకు కూడా దాన్ని వాడవచ్చని అక్కడి ప్రభుత్వం అనుమతించింది. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో మూత్రంతో ఇటుక పోశారు. నైరోబీ మురికివాడల్లో సానర్జీ అనే సంస్థ డబ్బాల్లో మలం సేకరించి, ఒక జాతి ఈగ పురుగులకు మేతగా వేసి, ఆ పురుగులను కోళ్ళ దాణాగా అమ్మే వ్యాపారం మొదలుపెట్టింది. ఇటుక కన్నా పురుగే మన కోళ్ళఫారాలకు దగ్గర అనిపిస్తుంది.

ఇంత దూరం వెళ్ళకుండానే నేర్చుకోవాల్సింది ఒకటి, ఇచ్ఛాపురం దాటితే కనిపిస్తుంది. బరంపురం కేంద్రంగా గ్రామ్ వికాస్ సంస్థ ఒడిశాలోని గంజాం జిల్లా ఊళ్ళలో 1992 నుంచి ఒక మొండి పట్టు పట్టింది. ఊళ్ళో ఒక్క ఇల్లు కూడా మిగలకుండా అందరూ ఒప్పుకుంటేనే పని మొదలుపెడతారు. మరుగుదొడ్డితోపాటు స్నానాల గది కట్టాలి, ఇంటికి మూడు కుళాయిలు రావాలి, ఒకటి దొడ్డిలో, ఒకటి స్నానాల గదిలో, ఒకటి వంటింట్లో. కట్టిన దొడ్డిలో కుళాయి లేకపోతే అందులో పిడకలు పేర్చుకుంటారని వాళ్ళకు ముందే తెలుసు. అగ్రహారం ఇల్లూ దళితవాడ ఇల్లూ ఒకే గొట్టం నీళ్ళు తాగాలన్న షరతు సాంకేతికత కన్నా కష్టమైనది. అది నెగ్గడానికి కొన్ని ఊళ్ళలో ఏళ్ళు పట్టింది.

పట్టణాలకు పాఠం మహారాష్ట్రలో దొరుకుతుంది. అక్కడి వాయి, సిన్నర్ పట్టణాలు 2018 ప్రాంతంలో లారీలకు వేళ నిర్ణయించాయి. ట్యాంకు పొంగినప్పుడు కాదు, ప్రతి ఇంటికీ మూడేళ్ళకోసారి వంతు ప్రకారం లారీ వస్తుంది, ఖర్చు ఇంటిపన్నుతో కలిపి మునిసిపాలిటీ చూసుకుంటుంది. ట్యాంకు అడుగున మడ్డి రాయిలా గట్టిపడకముందే తీస్తారు కాబట్టి గొట్టంతోనే పని అవుతుంది. పదేళ్ళు మూత తీయని ట్యాంకులోనే గొట్టం ఓడిపోయి మనిషి దిగాల్సి వస్తుంది.

ఉత్తరాంధ్రలో బయోచార్, గుంత ఎరువు వాడి చూడడానికి పొలాలు సిద్ధంగానే ఉన్నాయి. నైర వ్యవసాయ కళాశాల ఉంది, ఆమదాలవలసలో, విజయనగరంలో పరిశోధనా కేంద్రాలున్నాయి. తినే పంటలంటే జనం జంకుతారు, ఆ జంకును తప్పు పట్టనక్కర్లేదు. గోగునార, తీరం వెంట సరుగుడు తోటలతో మొదలుపెట్టవచ్చు. నీరు నిలవని ఇసుక నేలకు బొగ్గు మంచి చేస్తుందో లేదో రెండు మూడు పంటల్లో తేలిపోతుంది.

దానికన్నా ముందు చేయాల్సింది చవకైన పని. 2019లో వచ్చిన వార్డు సచివాలయాల వ్యవస్థలో పారిశుద్ధ్యం చూసే కార్యదర్శి పదవి పెట్టారు. శ్రీకాకుళంలో, విజయనగరంలో, బొబ్బిలిలో, పలాసలో ఆ కార్యదర్శి చేతికి ఒక రిజిస్టరు ఇచ్చి ఇంటింటికీ పంపితే చాలు. ట్యాంకా, రెండు గుంతలా, ఒకే గుంతా. కిందటిసారి ఎప్పుడు తీశారు. మూత ఎక్కడుంది, దాని మీద టైల్స్ పరిచేశారా. వీధిలో ఆగిన లారీ నుంచి గొట్టం అక్కడిదాకా అందుతుందా. అందని ఇళ్ళ జాబితా వేరుగా రాసి, చిన్న సందుల్లో దూరే బుల్లి ట్యాంకర్లు కొనడానికి కౌన్సిల్ ముందు పెట్టాలి. రాత్రిపూట ఫోను చేసి మనిషిని పిలిపించేది ఆ ఇళ్ళవాళ్ళే.